ఎదురుగా వచ్చిన ముఖం

పొద్దున్నే పొయ్యి వెలిగించే ముందు ఆమె ఒక మాట అనుకునేది. "ప్రభువా, ఈ రోజు నేను చేసే ప్రతి పనీ నీ మహిమకే." బాప్తిస్మం తీసుకున్న నాటి నుంచీ ఉన్న అలవాటు అది. కడుపుతో ఉండి వాంతులతో తల ఎత్తలేని రోజుల్లో కూడా పడుకునే అనుకుంది. ఆ మాట అయ్యాక పాట దానంతటదే వచ్చేది, పాట వెంట పని నడిచేది.

పాపకు చెవుల పరీక్ష చేయించిన మర్నాటి నుంచి ఆ మాట నోట రావడం మానేసింది.

గోడలకు మెత్తటి గుడ్డ కొట్టిన చిన్న గదిలో చేశారు ఆ పరీక్ష. పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకోమని, వెనక నుంచి రకరకాల చప్పుళ్ళు చేశారు. తల్లి ఉలిక్కిపడింది గాని పాప తిరగలేదు. బొమ్మ కుందేలు చెవి నములుతూ తన లోకంలో తాను ఉంది.

"రెండు చెవులూ దాదాపు వినపడవమ్మా," అంది డాక్టరమ్మ. "చెవులకు మిషన్లు పెట్టి చూద్దాం. ఎంతవరకు పనిచేస్తాయో ఇప్పుడే చెప్పలేను."

"నేను పాడితే ఊరుకుంటుందండీ. నిద్ర కూడా పోతుంది. వినపడకపోతే ఎట్లా ఊరుకుంటుంది?"

"భుజాన వేసుకుని పాడతావు కదూ?"

"అవునండీ."

"నువ్వు పాడుతుంటే నీ ఒళ్ళు అదురుతుంది. అది తెలుస్తుంది దానికి. పాట కాదమ్మా."

డాక్టరమ్మ ఆ మాట మెత్తగానే చెప్పింది. అయినా ఆమెకు నెత్తిన బండ పడ్డట్టయింది. పిలిస్తే ఈ పిల్ల పలకదేమిటే అని అత్తగారు అన్నప్పుడల్లా, పాడితే వింటుందిగా అత్తమ్మా అని ఆవిడ నోరు మూయించింది తానే. దేవుని మహిమకని పాడిన పాటే ఇన్నాళ్ళూ కళ్ళకు గంతలు కట్టింది. ఇక ఎవరి కోసం పాడాలి?

వాళ్ళ ఇంటి ముందుగదే ఇస్త్రీ దుకాణం. గోడవారన పొడవాటి బల్ల, దాని మీద మడత దుప్పటి, తలుపు పక్కన నలిగిన బట్టల మూటలు. అత్తగారు నీళ్ళు చిలకరించి మడతలు పెడితే కోడలు ఇస్త్రీ చేసేది. ఆ దుకాణంలో పాట ఆగిపోయిందని గిరాకీలు కూడా కనిపెట్టారు. ఒకాయన చొక్కాలు తీసుకుంటూ, మీ రేడియో పాడైందా అని అడిగి, అత్తగారి మొహం చూసి గమ్మున వెళ్ళిపోయాడు.

బస్సు నడిపే ఆమె భర్త భోజనానికి వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. "ఏమోయ్, ఇట్లా మూగనోము ఎన్నాళ్ళు? ఇక ఇంట్లో నా బస్సు హారనే మోగించాలి."

"మీకేం, బస్సెక్కి పోతారు," అంది ఆమె.

"నేను పోతే ఏడవనని ఎవరన్నారు? ప్రయాణికులు చూస్తారని ఆగుతాను, అంతే." ఆ తర్వాత అతను అన్నం కలుపుతూనే ఉన్నాడు గాని తినలేదు.

ఆ మధ్యాహ్నం పాప నిద్రకు పేచీ పెట్టింది. ఆమె భుజాన వేసుకుని వీపు తట్టింది, ఊపింది, గది ఆ మూల నుంచి ఈ మూలకు తిరిగింది. పాప విల్లులా వెనక్కి వంగి, పిడికిలితో తల్లి మెడ మీద కొడుతూ, గుండెలవిసేలా ఏడ్చింది.

"పాడవే అమ్మాయ్," అంది అత్తగారు మూట కడుతూ. "దానికి అలవాటు నువ్వే చేశావు. ఇప్పుడు నీ అలక దేవుడి మీదో, దాని మీదో తేల్చుకో."

"దానికి వినపడదు కదత్తమ్మా."

"నాకు వినపడుతుంది. నాకోసం పాడు. నేనూ ఓ మనిషినేగా."

నవ్వో ఏడుపో తెలియని చప్పుడొకటి కోడలి గొంతులోంచి వచ్చింది. అదే సన్నటి కూనిరాగం అయింది. పాప ఠక్కున ఏడుపు ఆపింది. తడి చెంప తల్లి మెడకు ఆనించింది. రాగం కిందికి దిగినప్పుడు నోరు తెరిచి, పాలకు వెతికినట్టు, సరిగ్గా గొంతు గుంట మీద పెదవులు అదిమింది. పరీక్షించాలని ఆమె ఆపింది. పాప తలెత్తి, మూసిన తలుపు తట్టినట్టు ఆ గొంతును అరచేత్తో తట్టింది.

పాపను పడుకోబెట్టాక ఆమె మంచం పక్కనే కూర్చుని, రెండు చెవుల్లో వేళ్ళు గట్టిగా పెట్టుకుని, మళ్ళీ రాగం తీసింది. వీధి చప్పుడు పోయింది. తల లోపల మాత్రం ఏదో పెద్ద మందిరం తలుపులు తెరుచుకున్నట్టయింది. దంతాలు, పుర్రె, రొమ్ము ఎముక, అన్నీ కలిసి మోగుతున్నాయి. పాపకు అందేది ఇంతో, ఇందులో పిసరో, ఆమెకు తెలియదు. ఇన్నేళ్ళు పాడుతూ తన లోపల ఇంత పని జరుగుతోందని తనకే తెలియదు. ఎవరు చేశారు ఇదంతా? అడగకముందే, ఎవరూ చూడని చోట? ఆమె వేళ్ళు తీయడానికి భయపడింది.

అయినా ఆ పొద్దుటి మాట రాలేదు. మహిమ అనేది తన వంటి మనిషి నోట పట్టేది కాదేమో అనిపించింది.

మర్నాడు ఆమె ఇస్త్రీ చేస్తుంటే పాప బల్ల చివరన నేల మీద వీపు తిప్పి కూర్చుని ఆడుకుంటోంది. చూస్తుండగానే బల్ల మీంచి వేలాడే ఇస్త్రీపెట్టె తీగను పట్టుకుంది.

"వద్దు, వద్దు తల్లీ," అని అరిచింది ఆమె. పాప తిరగలేదు. ఇంకా గట్టిగా అరిచింది. పాప తీగను లాగింది. ఇస్త్రీపెట్టె కదిలింది. దాన్ని ఒక చేత్తో ఒడిసిపట్టి, స్విచ్చి ఆపి, బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి, పాప ఎదుట మోకాళ్ళ మీద కూలబడి, ముఖానికి ముఖం పెట్టి, వద్దని తల అడ్డంగా ఊపింది.

పాప ముఖం వెలిగిపోయింది. తిట్టనుకోలేదు. అమ్మ వచ్చిందనుకుంది.

ఆమెకు మొదట నీరసం వచ్చింది. ఇక అన్నిటికీ ఇంతే. అన్నానికీ, స్నానానికీ, ప్రమాదానికీ, ముద్దుకీ, చేతిలో పని దించి, చుట్టూ తిరిగి, నేల దాకా వంగాలి. రోజుకు ఎన్నిసార్లని?

అప్పుడు తట్టింది ఆమెకు. ప్రభువూ పిలిచాడు కదా. తరతరాలు పిలిచాడు, లోకం వీపు తిప్పుకునే కూర్చుంది. చెవిటివాళ్ళని వదిలేసి పోలేదు. ఉన్న చోటు విడిచి, చుట్టూ తిరిగి వచ్చి, మనుషుల ఎత్తుకు వంగి, కళ్ళూ నోరూ ఉన్న ముఖంతో ఎదురుగా నిలబడ్డాడు. చిన్నప్పటి నుంచి విన్న సంగతే. ఈ నేల మీద తన మోకాళ్ళు నొప్పెట్టేదాకా, ఆయన ఎంత దూరం వంగాడో ఆమెకు తెలియలేదు. మహిమ అంటే పైన ఎక్కడో ఉంటుందనుకుంది. అది వంగుతుందని ఎవరనుకుంటారు?

"దెబ్బ తగిలిందా ఏమిటే, అట్లా కూర్చున్నావు?" అని అత్తగారు కంగారుగా లేచింది.

"లేదత్తమ్మా. ఒక్క నిమిషం."

ఆమె పాప చెయ్యి తీసుకుని తన గొంతు మీద పెట్టుకుంది. పాప కళ్ళలోకి చూస్తూ, ఒక్కో మాటకు పెదవులు బాగా కదిలిస్తూ, బయటికే చెప్పింది. "ప్రభువా, ఈ రోజు. నేను వంగే ప్రతిసారీ. నీ మహిమకే."

పాప ఆ పెదవులను వేళ్ళతో పట్టుకుని, తన పెదవులు కూడా కదిలించి చూసింది.