ఎడమ పక్కన సముద్రం

ఓడ మెట్లు ఎత్తేయడానికి ఇంకా ఇరవై అయిదు నిమిషాలుంది.

కంట్రోలర్ రేవు మీద నిలబడి గేటు వంక చూస్తున్నాడు. ముప్ఫై ఏళ్ళు బస్టాండులో బస్సుల రాకపోకలు చూసి రిటైరయినా, ఇప్పటికీ అందరూ ఆయన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. పొద్దున దీవిలోకి దిగిన ప్రయాణికులు ఎండకు కమిలిన మెడలతో, ఇసుక చెప్పులతో తిరిగొస్తున్నారు. ఒక్కొక్కరూ కార్డు చూపించి మెట్లెక్కుతున్నారు. రావలసినవాడు మాత్రం రాలేదు.

రావలసినవాడు ఆయన బావమరిది. ఇంట్లో వాడికి 'అయిపోయింది' అని పేరు. ఏ పని చెప్పినా, ఇంకా చెప్పులో కాలు పెట్టకముందే "అయిపోయింది బావా" అనేస్తాడు. మనిషి చెడ్డవాడు కాడు. అక్కంటే ప్రాణం. వాడి నోట్లో అన్ని పనులూ మొదలుకాకముందే పూర్తయిపోతాయి, అంతే.

పొద్దున భార్యాభర్తలూ, వాడూ ముగ్గురూ వ్యానెక్కి బీచికి వెళ్ళారు. "నీలం సంచి దింపావురా?" అని అక్క అడిగింది. "దింపేశా అక్కా" అన్నాడు. వ్యాను మలుపు తిరిగి కనుమరుగయ్యాక తెలిసింది, సంచి దాని సీటు కిందే ఉండిపోయిందని. ఆవిడ ఫిట్స్ మాత్రలన్నీ అందులోనే ఉన్నాయి. ఓడ గదిలో పెడితే ఎక్కడ పోతాయోనని వెంట తెచ్చుకుంది. పొద్దుటి మాత్ర కూడా, బీచిలో ఏదైనా తిన్నాక వేసుకుందామని ఆగింది. మధ్యాహ్నం దాకా ఆ వ్యాను కోసం తిరిగారు. అలాంటి తెల్ల వ్యాన్లు ఆ దీవిలో ఎన్నున్నాయో లెక్కలేదు.

ఓడకు తిరిగొచ్చాక అక్కడి డాక్టరు దాచకుండా చెప్పేశాడు.

"ఆ మాత్ర నా దగ్గర లేదు. ఒక పూటకు సరిపడా ఇంజక్షనుంది. ముందున్నది మూడు రోజుల సముద్రం. మెట్లెత్తే లోపల మాత్రలు రాకపోతే ఆవిణ్ణి ఇక్కడే దించెయ్యండి. లేదూ, తీసుకెళ్తానంటారా, బాధ్యత నాదేనని సంతకం పెట్టండి."

ఆ డాక్టరు రాసిచ్చిన చీటీ పట్టుకుని బావమరిది మూడింటికి ఊళ్ళోకి పోయాడు. ఇప్పుడు నాలుగు దాటి అయిదు నిమిషాలైంది.

ఫోను మోగింది.

"వచ్చేశా బావా! వచ్చేశా!"

మెట్ల దగ్గర తెల్ల చొక్కా ఆఫీసరు తలెత్తాడు. చేతిలో డాక్టరిచ్చిన సంతకం కాగితం ఉంది.

"ఏమంటున్నాడు? దారిలో ఉంటే చెప్పండి. కెప్టెన్ని అడిగి పది నిమిషాలు ఆపిస్తాను. అంతకు మించి నావల్ల కాదు."

కంట్రోలర్ మరోసారి గేటు వంక చూశాడు. బావమరిది మాటను ఉన్నదున్నట్టు చెబితే 'వచ్చాడు' అని. ఎదురుగా వాడి జాడే లేదు.

డ్రైవర్ని ఎక్కడున్నావని అడగకూడదు. ఆ సంగతి ఆయనకు ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే తెలిసింది. 'ఊళ్ళోకొచ్చేశా సార్' అంటాడు, అవతల టీ గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినిపిస్తుంది. కళ్ళకు కనబడేదేమిటో అడగాలి. దానికి అబద్ధం అల్లడానికి టైము పడుతుంది.

"ఒరేయ్, నీ ఎడమ పక్కన ఏముందో చెప్పు."

"ఎడమ పక్కా? ఏముంటుంది బావా, సముద్రం!"

"కారు కదులుతోందా?"

"దూసుకుపోతోంది!"

"దూసుకుపోతోంది కరెక్టే. ఎటు పోతోంది? ఊళ్ళోకి పోయేటప్పుడు సముద్రం ఎడమ పక్కనుంటుంది. ఓడకొచ్చేటప్పుడు కుడి పక్కనుండాలి. నువ్వింకా అటే పోతున్నావురా!"

బావమరిది గొంతు తగ్గింది.

"ఊళ్ళో రెండు షాపుల్లోనూ లేవన్నారు బావా. ఊరు దాటితే ఆస్పత్రి ఉందిట, అక్కడ ఉన్నాయట. ఫోన్లో కనుక్కున్నా. ఇంక దొరికేసినట్టే కదాని..."

"ఇంకెంత దూరం?"

"పది నిమిషాలంటున్నాడు డ్రైవరు."

కంట్రోలర్ బుర్ర పాత అలవాటు ప్రకారం లెక్క కట్టింది. పోవడానికి పది. తీసుకోవడానికి, ఎంత తొందరపెట్టినా, అయిదు. వెనక్కి రావడానికి ముప్ఫై. నాలుగూ యాభైకి గానీ రాడు. మెట్లు నాలుగున్నరకే లేస్తాయి. పది నిమిషాలు ఆపినా చాలదు.

"తీసుకుని తిన్నగా రా. ఇంకెక్కడా ఆగకు" అని పెట్టేశాడు.

"ఏమండీ!"

భార్య పైన ఓడ తలుపు దగ్గర, ఇనుప మెట్ల పై కొసన నిలబడి ఉంది. "వాడేమన్నాడు?"

"నాలుగున్నరకు రాడు. సామాను సర్దు, దిగిపోదాం."

"ఆఫీసరుగారు పది నిమిషాలు ఆపుతానన్నారుగా, అడగండి! రాకపోతే సంతకం పెట్టండి. వాడు విమానంలో ఎలాగోలా వస్తాడు. ఇంజక్షనుంది, నాకేం కాదు."

"ఆ ఇంజక్షను ఒక్క పూటకే."

"ఎనిమిదేళ్ళయింది నాకు ఫిట్స్ వచ్చి! ఎనిమిదేళ్ళు!" ఆవిడ గొంతు పెంచింది. మెట్లెక్కుతున్న ఇద్దరు ముసలివాళ్ళు పక్కకు ఒదిగారు. "టైలర్నే గానీ మిషను ఒంటరిగా తొక్కనివ్వరు. కత్తెర బీరువాలో పెట్టి తాళం వేస్తారు. స్నానానికెళ్తే తలుపు గడియ పెట్టొద్దంటారు. ఈ ఒక్క ప్రయాణానికి వెళ్ళొచ్చని మన డాక్టరే చెప్పాడు కదండీ. దీన్నీ సగంలో తెంపేస్తారా?"

ఆఫీసరుకు తెలుగు మాటలు అర్థం కాలేదు గానీ సంగతి అర్థమైంది. కాగితం, పెన్నూ ముందుకు చాపాడు.

కంట్రోలర్ పెన్ను అందుకున్నాడు. ఆవిడ చెప్పిందాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. ఎనిమిదేళ్ళు రానిది ఈ మూడు రోజుల్లోనే వస్తుందని ఎందుకనుకోవాలి? పెన్ను మూత తీశాడు.

"ఛీ, ఎవరండీ అన్నం మాడబెడుతున్నారు?" అంది ఆవిడ పైనుంచి.

ఆయన చెయ్యి ఆగిపోయింది.

రేవు మీద డీజిలు వాసన, ఉప్పు వాసన తప్ప ఏమీ లేవు. ఆవిడకు ఫిట్స్ రాబోయే ముందు ప్రతిసారీ వచ్చేది ఆ మాడు వాసనే. వేరే ఎవరి ముక్కుకూ తగలని వాసన.

ఆవిడకూ అర్థమైంది. మొహం పాలిపోయింది. "ఓడ పొగేమోనండీ" అంది నెమ్మదిగా. అని, రెయిలింగు వదిలేసి ఒక మెట్టు కిందికి దిగింది.

"దిగకు! కూర్చో! అక్కడే కూర్చో!"

కాగితం గాలికి ఎగిరిపోయింది. అరవై మూడేళ్ళ మోకాళ్ళతో కంట్రోలర్ రెండేసి మెట్లు ఎక్కాడు. ఇరవై రెండు ఇనుప మెట్లు, కింద రేవుకూ ఓడకూ మధ్య నల్లటి నీటి సందు. ఆవిడ కూర్చోలేదు. కుడిచెయ్యి గుడ్డ లాగుతున్నట్టు తనంతట తానే చీర కుచ్చిళ్ళను లాగుతోంది. కళ్ళు ఆయన్ని చూడటం లేదు. ఒళ్ళు ముందుకు వాలింది.

ఆయన ఛాతీతో ఆపాడు. ఇద్దరూ కలిసి మెట్ల మీదే కూలారు. ఆవిడ తల ఇనుముకు తగలకుండా తన అరచేయి అడ్డం పెట్టాడు. వెనకే వచ్చిన ఆఫీసరు ఆయన నడుము పట్టుకుని రెయిలింగుకు అదిమాడు.

"పట్టుకుని నొక్కకండి, పక్కకు తిప్పండి!" అని కంట్రోలర్ ఏ భాషలో అరిచాడో ఆయనకే తెలియదు. ఆఫీసరు మాత్రం తిప్పాడు.

డాక్టరు వచ్చి ఇంజక్షను ఇచ్చేసరికి నాలుగు నిమిషాలు పట్టింది. కంట్రోలర్ జీవితంలో ఏ బస్సూ అంత ఆలస్యంగా రాలేదు.

స్ట్రెచరు మీద దించి, గేటు పక్కనున్న ప్రథమ చికిత్స గదిలో పడుకోబెట్టారు. ఓడవాళ్ళు మూడు సూట్‌కేసులు తెచ్చి గుమ్మంలో పెట్టి, ఒక మాటైనా అనకుండా వెళ్ళిపోయారు. నాలుగూ యాభై మూడుకు బావమరిది మందుల పొట్లంతో పరుగెత్తుకుంటూ వచ్చాడు. అక్కను చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.  పొట్లం బావ చేతిలో పెట్టి, సూట్‌కేసు మీద కూలబడి మొహం తిప్పుకున్నాడు.

అయిదింటికి ఓడ కూత వేసింది. ఆవిడ కళ్ళు తెరిచింది. ఆ గదిలోని నర్సు ఆవిణ్ణి పేరు చెప్పమంది, వేళ్ళెన్నో లెక్కపెట్టమంది, కొంచెం నీళ్ళు తాగించి చూసింది. తరువాత మాత్ర ఇవ్వొచ్చంది.

కిటికీలోంచి తెల్లటి ఓడ మెల్లగా జరిగిపోవడం ఆవిడ చూస్తూనే ఉంది.

"నన్ను దింపేశారు."

"దింపేశాను."

"ఆ వాసన రాకపోతే సంతకం పెట్టేవారా?"

కంట్రోలర్ తలొంచుకున్నాడు. "మూత తీశాను."

 ఆవిడ చెయ్యి చాపి మాత్ర అడిగి తీసుకుంది.  ఆయన నీళ్ళ సీసా ఎత్తి పట్టబోతే తల అడ్డంగా ఊపింది.

"ఇలా ఇవ్వండి. నేను తాగుతాను."

కాసిని నీళ్ళు దిండు మీద ఒలికాయి. మిగిలినవి ఆవిడే తాగింది.