రింగుకు గుచ్చిన గుండుసూది

దర్జీ పని చేసే మనిషికి వంపు మీద బట్ట కూర్చోబెట్టడం ఒకరు నేర్పక్కర్లేదు. అందుకే మొగుడు థర్మోకోల్ రింగు మీద అల్యూమినియం టేపు అంటిస్తూ అవస్థ పడుతుంటే ఆవిడ ప్రాణం కొట్టుకునేది. అంత వెడల్పు పట్టీలు వేస్తే వంపు దగ్గర ముడతలు పడక ఏం చేస్తాయి?

"కాస్త సన్నగా కత్తిరిస్తే..." అని ఒకసారి నోరు జారింది.

"నీ మిషన్ సంగతి నువ్వు చూసుకో," అన్నాడాయన.

ఆయన మోటార్లకు తీగ చుట్టిన మనిషి. పని మానేశాక సరదాకి టెస్లా కాయిల్ మొదలుపెట్టాడు. నిలువు గొట్టానికి సన్నని రాగి తీగ పోగు పక్కన పోగుగా చుట్టాడు. కరెంటు పెడితే దాని నెత్తిన పెట్టే ఈ రింగు నుంచి గాల్లోకి మెరుపు రావాలి. తీగ చుట్టేనాటికి చేతులు బాగానే ఉన్నాయి. ఆ తర్వాతే వణుకు పట్టుకుంది. గుండీల చొక్కాలు మానేసి బనియన్లతో సరిపెట్టుకున్నాడు. ఆవిడ గుండీలు పెట్టబోతే మొహం గంటు పెట్టుకుని వెళ్లిపోయేవాడు.

"ఈ రింగు కుదిరితే సరే. లేదంటే ఈ పని బల్లా వద్దు, పనిముట్లూ వద్దు," అన్నాడు. అన్నంత పనీ చేసే రకం. బల్ల పోతే మనిషి మంచానికి అతుక్కుపోతాడని ఆవిడ భయం.

అందుకని మధ్యాహ్నం ఆయన కునుకు తీసినప్పుడల్లా, ముడతపడ్డ పట్టీలు ఊడబెరికి, సన్నవి అంటించి, చెంచా వీపుతో రుద్దేది. లేచాక ఆయన రింగు మీద అరచెయ్యి తిప్పి, "చెయ్యి ఇంకా చావలేదే," అని మురిసిపోయేవాడు. ఆ మురిపెం చూస్తే ఆవిడకు కడుపు నిండేది. లోపలెక్కడో ముల్లు కూడా గుచ్చుకునేది, లేదనకూడదు.

రింగు పని ముగిసే రోజు దాని అంచున గుండుసూది మొన ఒకటి పొడుచుకొచ్చి ఉంది. పాపం, వణుకులో గుచ్చుకుపోయి ఉంటుందనుకుంది. పీకేసి, పైన టేపు వేసి, నున్నగా రుద్దింది.

సాయంత్రం రింగును గొట్టం నెత్తిన బిగించి, తెరలు లాగి, ఇద్దరూ దూరంగా నిలబడ్డాక ఆయన స్విచ్ వేశాడు. గాల్లోకి ఏమీ రాలేదు. మెరుపు బుస్సుమని కిందికి దూకి రాగి చుట్ట మీద పాకింది. అంతా ఆపి వెళ్లి చూస్తే తీగ నల్లగా మాడి తెగిపోయింది. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే.

ఆయన రింగు అంచు తడిమాడు. "మెరుపు బయటికి పోవడానికని ఇక్కడ సూది పెట్టాను. దారి లేకే కిందికి దూకింది. ఏదీ ఆ సూది?"

"నేనే తీశాను. పొరపాటున గుచ్చుకుందనుకున్నా." అంది ఆవిడ. "పట్టీలు కూడా నేనే మార్చాను."

"అన్నీనా?"

"అన్నీ."

ఆయన బల్ల దగ్గర కూలబడ్డాడు. "అయితే ఈ రింగులో నాది ఆ సూది ఒక్కటే."

ఆవిడకు ఏడుపు ఆగలేదు. తెగిన తీగ కొసను ఆయన వేళ్లతో పట్టుకుని చూశాడు. వణికే చేతిని ఎప్పటిలా ఒళ్లో దాచుకోలేదు.

"బల్ల తీసేస్తారా?" అంది ఆవిడ.

"ఇలాంటి చుట్ట నేనిక చుట్టలేను. నువ్వు చుట్టు, నేను పక్కన కూర్చుని చెప్తాను. నాకు చెప్పకుండా మాత్రం ఏదీ సరిచెయ్యకు." లేచి నిలబడ్డాడు. "తీగ కొనుక్కొద్దాం పద. ఆ నీలం చొక్కా తే."

తెచ్చింది. ఆయన గడ్డం పైకెత్తి, కదలకుండా నిలబడ్డాడు. ఆవిడ కింది నుంచి ఒక్కొక్క గుండీ పెట్టింది.