మళ్ళీ మొదటికొచ్చిన అక్క

ఆమె ఎవరితోనూ పైకి అనని మాట ఒకటుంది. డిగ్రీ మొదటి ఏడాది పాఠాలన్నీ ఆమెకు ముందే వచ్చు.

వృత్తివిద్యా కాలేజీలో రెండేళ్ళు టూరిజం చదివింది. హోటల్ గదిలో పక్క సర్దడం, బస్సులో మైకు పట్టుకుని మాట్లాడటం, అలిగిన అతిథిని నవ్వించడం, అన్నీ చేసి నేర్చుకుంది. డిగ్రీలో చేరితే కథ మళ్ళీ మొదటికొచ్చింది. "అతిథి అనగా ఎవరు?" అని లెక్చరర్ అడిగితే అందరితోపాటు తనూ తెల్లమొహం వేసింది. ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిస్తే పక్క బెంచీవాళ్ళు చులకన చేస్తారని భయం.

వచ్చిన పాఠమే మళ్ళీ వింటే వయసు తగ్గుతుందని అందరికీ తెలిసిందే. యూనిఫాం కొలతలప్పుడు దర్జీ నవ్వాడు. "వృత్తి కాలేజీ పిల్లవా? బిగించడానికి మళ్ళీ వస్తావులే!"

పక్క సర్దే పాఠం అయ్యేసరికి జ్ఞానదంతం చిగుట్లోకి వెళ్ళిపోయింది. "పీకించే బాధ తప్పింది" అంది అమ్మ. మైకు పాఠం అయ్యాక అటక మీంచి కూతురి చిన్నప్పటి చెప్పులు దించింది.

ఆ సాయంత్రం తమ్ముడు స్నానాలగది తలుపు బాదాడు.

"చెల్లీ, త్వరగా రా!"

ఆమె తలుపు తీసింది. "ఏమన్నావురా?"

"'రా' అంటావేంటి? ఇవాళ్టి నుంచి నేనే పెద్ద. అన్నయ్యా అను."

"చంకనేసుకుని తిప్పాను నిన్ను!"

"నువ్వా? అప్పటికి పుట్టందే?"

వేళాకోళం కాదు. నిజంగానే అడిగాడు.

ఆమె గోడ మీది ఫోటో వైపు తిరిగింది. పసివాణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఉండాల్సిన తను అందులో లేదు. వాడొక్కడే దిండు మీద పడుకుని ఉన్నాడు.

"రేపేం పాఠమే?" వంటింట్లోంచి అమ్మ.

"అలిగిన అతిథి."

అదీ వచ్చు. ఏడిచే వీణ్ణి ఊరుకోబెట్టీ ఊరుకోబెట్టీ వచ్చింది.

వృత్తి కాలేజీ వదిలేనాడు అక్కడి మేడం అన్న మాట గుర్తొచ్చింది. 'మన పాఠాలూ డిగ్రీవాళ్ళ పాఠాలూ కలపమని మొత్తుకుంటున్నానమ్మా. ఇవన్నీ మాకు వచ్చని మీలో ఒక్కరూ నోరు విప్పరు. విప్పితే నేరుగా రెండో ఏడాదిలో కూర్చోబెడతారు. ఎప్పుడైనా సరే, ఫోన్ చెయ్యి.'

ఫోన్ పై అరలో ఉంది. మునివేళ్ళ మీద లేస్తే ఇంకా అందుతోంది.

"ఎవరికే?" అంది అమ్మ.

"మేడంకి. నాకు వచ్చని చెప్పాలి."