యంత్రానికి ప్యాంటు

వారం తిరక్కుండా మూడో జీన్సు కూడా అదే చోట చినిగి బల్ల మీదికి వచ్చేసరికి టైలరమ్మకు అనుమానం వచ్చింది. తెచ్చిన కుర్రాడు చూస్తే బక్కపల్చగా, పద్ధతిగా ఉన్నాడు. ప్యాంటులో మాత్రం అతనిలాంటివాళ్లు ఇద్దరు పడతారు. చిరుగు మూడింటికీ వెనక కుడి జేబు కిందే.

కళ్లద్దాల పైనుంచి చూస్తూ, ఇవి ఎవరివి, ఆయన ఏం పని చేస్తుంటారు అని అడిగిందామె.

"మనిషివి కావండీ, మిషన్‌వి" అన్నాడతను.

పక్కన స్టూలు మీద కూర్చుని గుండీలు కుడుతున్న అత్తగారు సూది ఆపి చెవి ఇటు వేసింది. అప్పుడు అతను నిలబడే అంతా చెప్పుకొచ్చాడు. బస్సు ఆఖరి స్టాపు దగ్గరున్న మొబైల్ ఫోన్ల ఫ్యాక్టరీలో తను ఇంజినీరు. కొత్త ఫోను ఇంకో పదిహేను రోజుల్లో తయారీకి వెళ్తుంది. ఈలోపు దాన్ని ఎన్ని రకాలుగా పాడుచేయొచ్చో అన్ని రకాలుగా పాడుచేసి చూడటమే తన ఉద్యోగం. నడుమెత్తు నుంచి రాతిపలక మీదికి వదులుతారు. డ్రమ్ములో వేసి దొర్లిస్తారు. సన్నటి దుమ్ములో, నీటి జల్లులో, వేడి బీరువాలో పెడతారు. జేబులో ఫోనుందన్న సంగతి మరిచి కూర్చునేవాళ్ల కోసం ఇంకో యంత్రముంది. దానికి రబ్బరుతో చేసిన నడుమూ పిరుదులూ ఉంటాయి. ప్యాంటు తొడిగి, వెనక జేబులో ఫోను పెట్టి, రెండువేలసార్లు కుర్చీలో కూర్చోబెడతారు. ఫోను బాగానే తట్టుకుంటోంది, ప్యాంటే తట్టుకోవటం లేదు. అది చినిగినప్పుడల్లా పరీక్ష ఆగిపోతోంది.

"జీతమిచ్చి మరీ పగలగొట్టిస్తారా నాయనా? మావాడు చిన్నప్పుడు ఊరికే చేసేవాడు ఆ పని" అంది అత్తగారు.

మావాడంటే టైలరమ్మ భర్త. సిటీ బస్సు నడుపుతాడు. ఆ పూట నుంచి ఆ కొట్లో ఇంజినీరు పేరు పగలగొట్టు బాబు అయింది.

రెడీమేడ్ ప్యాంటుకు అతుకులేసి లాభం లేదని, ఆ ఒంటికి కొలతలు తీసి గట్టి గుడ్డతో కుట్టాల్సిందేనని టైలరమ్మ తేల్చేసింది. మర్నాడు పొద్దున్నే టేపు మెడలో వేసుకుని ఫ్యాక్టరీకి వెళ్లింది.

పరీక్షల గది పొడుగ్గా, తెల్లగా ఉంది. ఒక మూల ఇనుప వేలొకటి ఫోను బొత్తాన్ని టిక్కు టిక్కుమని నొక్కుతోంది. ఇంకో మూల ఛార్జింగు పిన్నును పెట్టడం, తీయడం, పెట్టడం, తీయడం. కిటికీ పక్కన కుర్చీ, దాని పైన ఇనుప కడ్డీకి వేలాడుతూ నడుము నుంచి తొడల దాకా మాత్రమే ఉన్న బూడిదరంగు రబ్బరు శాల్తీ. ముప్పై ఏళ్లలో ఎన్ని నడుములు కొలిచిందో ఆమెకే లెక్క లేదు. అయినా ఇంజినీరు ఎదురుగా నిలబడి దీన్ని కొలవాలంటే కాస్త మొహమాటమేసింది. అతనికీ వేసినట్టుంది, గోడకున్న గడియారం వైపు చూస్తూ నిలబడ్డాడు.

కొలతలయ్యాక టేపు చుట్టుకుంటూ, "టేపు పెట్టగానే పొట్ట లోపలికి పీల్చుకోని మనిషిని ఇన్నాళ్లకి చూశాను" అంది. అతను పకపకా నవ్వాడు. అవతల బల్ల దగ్గరున్న, ల్యాబ్‌కి హెడ్ అయిన పెద్దావిడ కూడా తలెత్తకుండానే నవ్వింది. మేడమ్ నవ్వగా చూడటం అదే మొదటిసారని ఇంజినీరు తర్వాత చెప్పాడు.

నాలుగు రోజుల్లో ప్యాంటు కుట్టిచ్చింది. రెండు వరసల మడత కుట్టు, జేబు కింద లోపల అదనపు గుడ్డ. సరిపోయిందో లేదో చూద్దామని తనే వెళ్లి తొడిగింది. యంత్రం కూర్చుంది, లేచింది. వందసార్లయినా దారప్పోగు కదల్లేదు. ఇంజినీరు ముఖం వెలిగిపోయింది.

ఆమె మాత్రం జేబు వైపే చూస్తోంది. ఫోను అందులో నిండా మునిగిపోయి ఉంది. ఇది మగవాళ్ల జేబు కదా, ఆడపిల్లల జీన్సుకు ఇంత లోతుండదు, ఫోను సగం బయటికే ఉంటుంది అని చెప్పింది. కూర్చుంటే జేబు అంచు సరిగ్గా ఫోను నడుము దగ్గర పట్టేస్తుందని, పైభాగం కుర్చీకి తగులుతుందని, అలా లాగి లాగి మూలలు చినిగిన జేబులు తన కొట్టుకు రోజూ వస్తాయని చెప్పింది.

"కొలతల కాగితంలో జేబు లోతు ఇంత అని ఉంది ఆంటీ. మేం దాని ప్రకారమే చేయాలి" అన్నాడతను, మర్యాదగానే.

ఆమె సంచీ భుజాన వేసుకుంది. పరీక్షల సంగతి తనకేం తెలుసు అనుకుని బస్సెక్కింది. కానీ మనసు ఊరుకోలేదు. కొట్టుకొచ్చి, రిపేరుకిచ్చిన ఆడవాళ్ల జీన్సులన్నీ దించి టేపు పెట్టింది. పదకొండింటిలో తొమ్మిదింటికి జేబు లోతు మూడున్నర అంగుళాలు దాటలేదు. ఫోను పొడవు ఆరున్నర. కాలేజీ నుంచి వచ్చిన కూతుర్ని గుమ్మంలోనే ఆపి, వెనక్కి తిప్పి చూసింది. ఆ పిల్ల ఫోను సగానికి సగం బయటే ఉంది. ఏమైందమ్మా అని కూతురు కంగారుపడింది.

"మీ అమ్మని రబ్బరు మనిషి పట్టుకున్నాడు" అంది అత్తగారు.

టైలరమ్మ ఎవరూ అడక్కుండానే, తన దగ్గర మిగిలిన గుడ్డతో అదే నడుముకు రెండో ప్యాంటు కుట్టింది. జేబులు మాత్రం చిన్నవి.

మర్నాడు ఫ్యాక్టరీకి పట్టుకెళ్తే, అది చూసి ఇంజినీరు ఇబ్బంది పడ్డాడు. తయారీ మొదలవడానికి పట్టుమని పది రోజులు లేవు, అన్ని కాగితాల మీదా సంతకాలు అయిపోయాయి అని గొణిగాడు. అతని భుజం మీదుగా పెద్దావిడ ప్యాంటు అందుకుంది. జేబులో చెయ్యి పెట్టి చూసుకుంది. తన జేబులోనూ చెయ్యి పెట్టుకుంది.

"తొడగండి" అంది.

నాలుగువందల పన్నెండోసారి యంత్రం కూర్చున్నప్పుడు సన్నగా ఒక చప్పుడైంది. ఫోను తీసి గాజుపలక మీద పెడితే అటూ ఇటూ ఊగింది. సౌండు బొత్తాల దగ్గర, అంచులో రంధ్రాలున్న చోట వంగింది. అద్దం మీద అడ్డంగా వెంట్రుకంత గీత. ఇంజినీరు ఫోనును చేతిలో తిప్పి తిప్పి చూశాడు. ఎనిమిది నెలల పని. టైలరమ్మ వెళ్లొస్తానన్నా అతనికి వినపడలేదు.

తర్వాత పది రోజులు అతని జాడ లేదు. తయారీ వాయిదా పడిందని, ఫ్యాక్టరీలో అందరూ తలలు పట్టుకున్నారని, ఆ రూట్లో బస్సు నడిపే భర్త వచ్చి చెప్పాడు. టైలరమ్మకు అన్నం సయించలేదు. అడక్కుండా తలదూర్చి ఆ అబ్బాయి ఉద్యోగానికి ఎసరు పెట్టానేమో అని అత్తగారితో అంది.

అత్తగారు దారం కొరికి, "ఫోను నీ చేతిలో వంగితే నీ తప్పు, కొన్నవాళ్ల జేబులో వంగితే ఎవరి తప్పు? ఊరుకో అమ్మాయ్" అంది.

పదకొండో రోజు మధ్యాహ్నం ఇంజినీరే కొట్టుకొచ్చాడు. గడ్డం పెరిగింది, కళ్లు మాత్రం హుషారుగా ఉన్నాయి. బొత్తాల కింద ఒక ఉక్కు బద్దీ చేర్చారట, రంధ్రాలు కాస్త పైకి జరిపారట. కొత్త నమూనా ఆ రోజే పరీక్షకు పెడుతున్నారు. టైలరమ్మగారు దగ్గరుండాలని మేడమ్ పిలిచిందని చెప్పాడు.

తర్వాత కాస్త తలొంచుకుని, "ఆ రోజు మీ మీద కోపమొచ్చింది ఆంటీ. రెండు రోజులు ఉంది కూడా. ఇదే ఫోను జనం చేతికెళ్లాక వంగుంటే నా గతేమిటని ఆలోచించాక పోయింది" అన్నాడు.

"పోయింది కదా, పద" అంది టైలరమ్మ. టేపు మెడలో వేసుకుంది.

అత్తగారు చెప్పులేసుకుని ముందే గుమ్మంలో నిలబడింది.

సాయంత్రానికి చిన్న జేబు ప్యాంటులో రెండువేలు పూర్తయ్యాయి. ఫోను గాజుపలక మీద అతుక్కున్నట్టు పడుకుంది. గదిలో ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు. అత్తగారు మాత్రం ఒప్పుకోలేదు. యంత్రం నిటారుగా కూర్చుంటోందని, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు అలా కూర్చోరని, సగం దాకా వచ్చి దభీమని కూలబడతారని చెప్పింది. నన్ను కూర్చోనివ్వండి అంది. ఇంజినీరు పెద్దావిడ వైపు చూశాడు. పెద్దావిడ కుర్చీ జరిపింది.

అత్తగారి నడుముకు చిన్న జేబు ప్యాంటునే చుట్టి కట్టారు. జేబులో అదే ఫోను. ఆమె కుర్చీ చేతులు పట్టుకుని, సగం దాకా దిగి, వదిలేసింది. కుర్చీ కిర్రుమంది. ముసలావిడ పదిసార్లు అలా కూర్చుని, పదకొండోసారి ఇక లేవనంది. ఫోను మాత్రం చెక్కుచెదరలేదు. పెద్దావిడ ఈసారి తలెత్తి మరీ నవ్వింది. నవ్వుతూనే పరీక్ష పత్రంలో చిన్న జేబు అని కొత్త వరస రాసి, దాని కింద సంతకం పెట్టింది. ఆ పక్కన టైలరమ్మను కూడా పెట్టమంది.

తర్వాత అత్తాకోడళ్లూ ఇంజినీరూ క్యాంటీన్లో టీ తాగారు. ఇంజినీరు సోమవారం నుంచి తయారీ మొదలవుతుందన్నాడు. ఉక్కు బద్దీ ఎవరికి తట్టిందో, రంధ్రాలు జరపడానికి ఎవరితో ఎంత వాదించాడో చెప్పాడు. అత్తగారు రెండు కప్పులు తాగి ప్రశ్నలు వేసింది. అతను స్టాపు దాకా వచ్చి, బస్సు వచ్చేదాకా చెబుతూనే ఉన్నాడు. వచ్చిన బస్సు టైలరమ్మ భర్తదే. ఆయన తలుపు తెరిచి, ఎక్కేది ఎవరు, ఎక్కించేది ఎవరు అని అడిగాడు.