మూడో ఎక్స్

లెక్కల టీచరమ్మ బ్రాకెట్ గీస్తే, లోపల ఉమ్మడిగా ఉన్నదేదో అది బయటికొచ్చి నిలబడేది. బడిలో ఇదేమంత వింత కాదు. పొద్దున్నే వంటావిడ రెండు బస్తాల పప్పు తెచ్చి, కాస్త కామన్ తీసి పెట్టమ్మా అనేది. టీచరమ్మ వాటి చుట్టూ సుద్దముక్కతో బ్రాకెట్ గీసేది. రెండింట్లోని రాళ్లూ గీత బయట కుప్పపడేవి. ఆవిడ చేతులు దులుపుకుని తొమ్మిదో తరగతికి వెళ్లిపోయేది.

ఆ రోజు మాత్రం హెడ్మాస్టరు గదికి వెళ్లింది, ఒళ్లు మండిపోతూ. పై తరగతికి ఎంపికైనవాళ్ల జాబితాలో ఆయా కూతురు లేదు. ఒక్క లెక్కకి సున్నా వేసి సీటు లేకుండా చేశారు. ఇక ఆ పిల్ల రేపట్నుంచి తల్లితో పాటు చీపురు పట్టుకోవాల్సిందే.

లెక్క చిన్నదే. ఆరు ఎక్స్ క్యూబ్, ప్లస్ తొమ్మిది ఎక్స్ స్క్వేర్. ఉమ్మడి కారణాంకం బయటికి తీయాలి. పిల్ల మూడు ఎక్స్ స్క్వేర్ తీసింది. జవాబుల కాగితం రాసిన హెడ్మాస్టరు మూడు ఎక్స్ క్యూబ్ తీశాడు. ఆయన దగ్గర ట్యూషన్ చదివిన నలభై మందీ గొర్రెల్లా అదే రాశారు.

"సార్, ఒకదాంట్లో మూడు ఎక్స్‌లున్నాయి, ఇంకోదాంట్లో రెండే. రెండున్నదాని దగ్గర మూడెలా తీస్తారు?"

పెద్దదాన్ని బట్టే తీయాలని, ఇరవై ఏళ్లుగా అలాగే చెబుతున్నానని ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు.

"నలభై మందీ తప్పు, ఊడ్చేదాని కూతురు ఒప్పా?"

టీచరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. సుద్దముక్క ఆయన ముందు పెట్టింది.

"అయితే మీరే తీయండి. తక్కువపడినదాన్ని మాత్రం బ్రాకెట్ గీసినవాళ్ల దగ్గరే తీసుకుంటుంది."

ఆయన నవ్వి, బోర్డు మీద లెక్క రాసి, బ్రాకెట్ గీసి క్యూబ్ బయటికి తీశాడు. మొదటి పదంలోంచి మూడు ఎక్స్‌లూ చక్కగా వచ్చాయి. రెండోదాంట్లోంచి రెండే వచ్చాయి. మూడోదాని కోసం బ్రాకెట్ కాసేపు వెతుక్కుంది. ఆయన కుడిచెయ్యి కొంచెం చల్లబడింది, అంతే.

ఏమైందని ఇంత రాద్ధాంతం అంటూ జాబితా మీద సంతకం పెట్టబోయాడు. కలం కదిలింది, సిరా పడలేదు. తేదీ వేస్తే పడింది. ఊరికే గీతలు గీస్తే పడ్డాయి. సంతకమొక్కటే రాలేదు. తలెత్తి చూస్తే, బోర్డు మీద మూడో ఎక్స్ ఉండాల్సిన చోట ఆయన సంతకం వంకరగా వేలాడుతోంది.

జాబితా ఆ సాయంత్రమే పంపాలి. హెడ్మాస్టరు పెట్టలేకపోతే ఆయన తర్వాతి సీనియరు పెట్టాలి. ఆ సీనియరెవరో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. టీచరమ్మ సున్నా కొట్టేసి ఐదు వేసింది, జాబితాలో పిల్ల పేరు చేర్చింది, కాగితం చిరిగేంత కసిగా సంతకం పెట్టింది.

అప్పుడే ఆయా గుడ్డ పట్టుకుని లోపలికొచ్చింది.

"బోర్డు తుడిచెయ్యమంటారా సార్?"

"వద్దమ్మా" అన్నాడు హెడ్మాస్టరు, బోర్డు మీది తన సంతకం వైపు చూస్తూ కంగారుగా.

ఇరవై ఏళ్లలో ఆయన ఆమెని అమ్మా అనడం అదే మొదలు. టీచరమ్మకి ఆ మాటకీ ఒళ్లు మండింది.