మామగారి గురక

తమ పరుపుల కొట్టు ఆన్‌లైన్ పేజీలో కోడలి మాటలు కోటలు దాటేవి. "మేఘాల మీద పవళింపు", "నడుముకు వెన్నపూస"... ఒకటా రెండా! పరుపు మీద నవ్వుతూ దొర్లే అందగత్తె ఫొటో కూడా పెట్టింది. అయినా కొట్లో ఈగలు తోలుకోవడమే మిగిలింది. చూసినవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: "నమ్మేదెలా?"

ఒళ్లు మండి, ఓ మధ్యాహ్నం కొట్లోంచే లైవ్ పెట్టింది.

"మామయ్యా, ఒక్క నిమిషం పడుకుని, ఎలా ఉందో చెప్పండి చాలు."

పొద్దుటి నుంచీ దూది కూరి అలసిపోయిన మామగారు పరుపు మీద ఒరిగారు. "ఇది చాలా..." అన్నారు. అంతే, గురక!

కోడలికి తల కొట్టేసినట్లయింది. పిలిచింది, కుదిపింది. ఊహూఁ! ఇక పరువు పోయినట్లేనని ఫోన్ ఆపబోతే, తెర మీద ఆర్డర్లు వానలా కురుస్తున్నాయి. "ఇదీ పరుపంటే!" "ఈ గురక నటన కాదు, మాకో రెండు పంపండి!"

ఆ హడావుడికి అత్తగారు లోపల్నుంచి వచ్చారు.

"దీనికే అంత సంబరమా? ఈ మనిషికి కటిక నేలైనా ఒకటే! మొన్న బస్సులో నిలబడి కూడా..."

కోడలు ఒక్క గెంతున వెళ్లి ఆవిడ నోరు మూసి, చెవిలో గొణిగింది.

"అత్తయ్యా, మీకు దండం పెడతాను. ఆ నిజం సరుకంతా అమ్ముడయ్యాక చెబుదురుగాని!"