ఉనైసి దగ్గర దాచిన అడ్రసులు

నలుగురి ముందు ఉనైసికి మాట పెగలదు. అందుకే పోటు ఎప్పుడొస్తుందో, ఏ నెలలో ఏ చేప ఒడ్డు దగ్గరికి చేరుతుందో అన్నీ తన చిన్న వెబ్‌సైట్‌లో రాసేది. కందవు దీవిలో తమ ఊరివాళ్ళే కాక, పట్నంలో స్థిరపడ్డవాళ్ళు కూడా అది చదివేవారు. కామెంట్ పెట్టేవాళ్ళు తమకు నచ్చిన పేరు పెట్టుకోవచ్చు, మెయిల్ అడ్రసు మాత్రం ఇవ్వాలి. "ఇది నాకు తప్ప ఎవరికీ కనిపించదు" అని ఆ గడి కింద తనే రాసింది.

దీవిని ఏలే పెద్దదొర పోయిన తర్వాత, ఆయన గౌరవార్థం వంద రోజుల పాటు తూర్పు పగడపు దిబ్బ దగ్గర ఎవరూ చేపలు పట్టకూడదని ఊరంతా అనుకుంది. అరవయ్యో రోజున 'పీత' అనే పేరుతో ఒక కామెంట్ వచ్చింది. శనివారం పొద్దున అపిసాయి పడవ దిబ్బ లోపలికి వెళ్ళిందని, కళ్ళారా చూశానని రాసి ఉంది.

అపిసాయి ఊరిపెద్ద. ఉనైసికి సొంత మేనమామ. ఆ పీత ఎవరో అడ్రసు చూడగానే ఆమెకు తెలిసిపోయింది. భర్త లేని తితిలియా. అపిసాయి పడవ తెచ్చిన చేపలే ఆమె అమ్ముకునేది. పేరు బయటపడితే మర్నాటి నుంచి ఆమె బుట్ట ఖాళీ.

శుక్రవారం మధ్యాహ్నం అపిసాయి ఉనైసి వాళ్ళింటికి వచ్చి, ఆమె నాన్నవైపు తాత ముందు చాప మీద పెద్ద యంగోనా వేరు పెట్టాడు, దంచి నీళ్ళలో కలుపుకుని తాగేది.

"ఏంటయ్యా ఇంత లావు వేరు? నాకేమైనా పెళ్ళి సంబంధం తెచ్చావా?" అన్నాడు తాత.

"ఈ వయసులో మిమ్మల్నెవరు చేసుకుంటారు పెద్దాయనా! మీ మనవరాలి దగ్గర ఒక పేరుంది. అది కావాలి."

"దాన్నే అడక్కపోయావా?"

"మూడు రోజులుగా అడుగుతున్నా. తలొంచుకుని పారిపోతోంది. మీరు చెబితే కాదనలేదుగా."

ఆ వేరును తాత ముట్టుకుంటే అడిగింది ఇస్తానని ఇల్లంతా మాటిచ్చినట్టే. ముట్టుకోకపోతే చుట్టాన్ని అవమానించినట్టు. తాత గొంతు సవరించుకుని చెయ్యి చాపాడు.

వంటింటి గుమ్మంలో నిలబడ్డ ఉనైసి అది చూసింది. పెద్దల ముందు నడుం వంచి చరచరా వచ్చి, ఆ వేరును రెండు చేతులా ఎత్తి గుండెలకు హత్తుకుంది.

"ఇది మా మామయ్యది. నాకు కావాలి. తీసుకుంటున్నా."

మేనమామ వస్తువు ఏదైనా మేనకోడలు అడక్కుండా తీసుకోవచ్చు. ఆయన కాదనకూడదు. ఎప్పటి నుంచో ఉన్న హక్కు అది. ఉనైసి ఇంతవరకూ మామ దగ్గర కొబ్బరికాయ కూడా తీసుకుని ఎరగదు.

తాత నవ్వి నవ్వి దగ్గాడు. "ఇప్పుడు నా ముందు ఏముందయ్యా? వట్టి చాప!"

"గడుసుపిల్లా! నీ నోట్లో నాలుక లేదనుకున్నానే," అన్నాడు అపిసాయి చెవులు ఎర్రబడుతుండగా.

వేరు పట్టుకుని ఆమె పెరట్లోకి వెళ్తే, అతనూ వెనకే వచ్చాడు. "అయినా నాకు చెప్పడానికేంటే? పరాయివాణ్ణా?"

ఉనైసి నేల చూపులు చూస్తూనే అంది. "మొన్న సోమవారం 'ఊరి హితుడు' అని ఒకాయన రాశాడు మామయ్యా. మన ఊరిపెద్దంత నిజాయితీపరుడు దీవి మొత్తంలో లేడట. ఆయన అడ్రసు కూడా నా దగ్గరుంది. ఎవరే అని అమ్మ అడిగింది. చెప్పలేదు."

అపిసాయి వెనక్కి తిరిగి ఎవరైనా విన్నారేమోనని చూశాడు.

"మీ అత్తకి?"

"ఎవరికీ చెప్పలేదు."

"ఊఁ." మెడ గోక్కున్నాడు. "లంగరు తాడు తెగితే వెతకడానికే వెళ్ళాం. రెండు చేపలు పట్టిన మాట కూడా నిజమేలే. వచ్చే సోమవారం ఊరి సభలో నేనే చెప్పుకుంటాను. నువ్వు మాత్రం ఆ హితుడి సంగతి..."

"ఏ హితుడు మామయ్యా?"

అతను నవ్వు ఆపుకుంటూ వెళ్ళిపోయాడు.

ఈసారి వచ్చింది మేనమామ కాబట్టి వేరు లాక్కోగలిగింది. రేపు తండ్రి తరఫు పెద్దలెవరైనా వేరు తెస్తే? ఉనైసి సాయంత్రం దాకా కూర్చుని, దాచిన నలభై మూడు అడ్రసులూ చెరిపేసింది. తితిలియాదీ, హితుడిదీ కూడా. అడ్రసు అడిగే గడినే తీసేసింది. "ఇకపై పేరు తప్ప ఏమీ అడగను. పాత అడ్రసులన్నీ చెరిపేశాను" అని రాసింది.

కాసేపటికి కొత్త కామెంట్ వచ్చింది. రేపు పోటు ఎన్నింటికని ఎవరో అడిగారు. అడిగిందెవరో ఆమెకు తెలియలేదు. "ఉదయం ఏడున్నరకు" అని కింద జవాబు రాసింది.